తలుపు దగ్గరి గొంతు: ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్ బ్రాంచికి నా రెండు ప్రయత్నాలు

వైమానిక దళంలో అధికారులను ఎంపిక చేసే పరీక్ష ఏఎఫ్‌క్యాట్. పైలట్లను తీసుకునే ఫ్లయింగ్ బ్రాంచి మెరిట్ జాబితాలో నా నంబరు చూసుకుని ఇవాళ్టికి తొమ్మిది రోజులు. హనుమకొండ హాస్టల్ గదిలో అడ్మిట్ కార్డు పక్కన పెట్టుకుని, ఫోనులో ఆ వరుసను పెద్దది చేసి, అంకె అంకె సరిపోల్చాను. తర్వాత నాన్నకు ఫోన్ చేశాను. పత్తి చేనులో ఉన్నాడు. కాసేపు మాట్లాడలేదు. "మళ్లొకసారి చూడు బిడ్డా" అన్నాడు. మళ్లీ చూశాను. ఉంది.

రాత పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. 100 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత, ఇవన్నీ మీకు తెలిసినవే. మొదటిసారి 91 ప్రశ్నలకు జవాబులు పెట్టాను, రెండోసారి 78కే పెట్టాను. మార్కులు రెండోసారే ఎక్కువ వచ్చాయి. తెలియనిదాన్ని వదిలేయడం కూడా సాధన చేయవలసిన విద్యే. లెక్కలకు, రీజనింగుకు పాత ప్రశ్నపత్రాలు సరిపోతాయి. అసలు చెప్పదలచుకున్నది మొదటి ఇంటర్వ్యూ గురించి.

మా మేనత్త వాళ్లది భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి. 2023 జూలై 27న మోరంచవాగు ఆ ఊరిని ముంచింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది ఆ వరదలప్పుడే. అత్త కుటుంబం తెల్లవారకముందే డాబా ఎక్కింది. ఫోన్లు కలవలేదు. ఆ రోజు నాన్న ముఖం ఎలా ఉందో నేను మరిచిపోలేను. వైమానిక దళంలో చేరాలన్న కోరిక అప్పుడే గట్టిపడింది. ఇది నిజం. కానీ మొదటి బోర్డులో, అంటే రాత పరీక్ష తర్వాత జరిగే ఎంపిక మండలి ఇంటర్వ్యూలో, "ఫ్లయింగ్ బ్రాంచి ఎందుకు?" అని అడిగినప్పుడు ఆ నిజానికి నేను రంగు వేశాను. మా అత్తను హెలికాప్టర్ కాపాడిందని చెప్పాను.

ఇంటర్వ్యూ అధికారి చాలా మర్యాదగా, ఒక్కొక్కటే అడిగారు. ఏ హెలికాప్టర్? తాడు ఏ వైపు తలుపు నుంచి దిగింది? కిందికి ఎవరు దిగారు? లోపల మొత్తం ఎంతమంది సిబ్బంది ఉంటారు? సరిగ్గా మనిషి మీదుగా గాలిలో నిలబడి ఉన్నప్పుడు పైలట్‌కు ఆ మనిషి ఎలా కనిపిస్తాడు? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. "పైలట్ కిందికి చూస్తారు సార్" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, నాకు ఇష్టమైన ఆట గురించి అడిగారు. చివరి రోజు ఎంపికైన వారి నంబర్లు చదివారు. నాది లేదు. కాజీపేటలో దిగేదాకా రైల్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

నిజానికి అత్తను డాబా మీది నుంచి దించింది పడవ.

ఆ రాత్రి నా రూమ్మేట్‌తో మొత్తం చెప్పుకున్నాను. వాళ్ల పెదనాన్న ఎంఐ-17 హెలికాప్టర్లలో ఫ్లైట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు కాజీపేటలోనే ఉంటున్నారు. ఆ ఆదివారమే ఆయన దగ్గరికి వెళ్లాం. నేనూ పెదనాన్న అనే పిలిచాను. కుర్చీ చూపించి మొదట ఆయన అడిగింది కూడా అదే ప్రశ్న: "పైలట్‌కు కింద ఏం కనిపిస్తుందమ్మా?" ఈసారి తెలియదని చెప్పాను. "ఏమీ కనిపించదు. వినిపిస్తుంది" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా ప్రిపరేషన్ దారి మారింది. కాపాడవలసిన మనిషి హెలికాప్టర్ పొట్ట కిందికి వచ్చేసరికి పైలట్ చూపుకు అందడు. తలుపు దగ్గర నడుముకు పట్టీ కట్టుకుని, ఒళ్లంతా బయటికి వంచి చూసే ఒక మనిషి హెడ్‌సెట్‌లో చెబుతూ ఉంటాడు: ముందుకు ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఆగు. కుడికి ఒకటి. ఆగు. పైలట్ దూరంగా ఉన్న ఒక చెట్టునో గుట్టనో ఆనవాలుగా పట్టుకుని, ఆ గొంతును నమ్మి, తన బరువుతో కలిపి 13 టన్నుల దాకా గాలిలోకి లేపగల యంత్రాన్ని అడుగు చొప్పున జరుపుతాడు. కో-పైలట్ ఇంజన్ల గేజీలు, ఇంధనం చూస్తుంటాడు. తాడు వెంట ఇంకొకరు, చాలాసార్లు వైమానిక దళానికే చెందిన గరుడ్ కమాండో, దిగుతారు. కాపాడింది ఎవరని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదు.

పెదనాన్న ఇంకా చాలా చెప్పారు. రెక్కల తిరుగుడుకు హెలికాప్టర్‌లో స్థిర విద్యుత్తు చేరుతుంది కాబట్టి కొక్కెం ముందు నేలనో నీటినో తాకాలి, ఆ తర్వాతే దాన్ని మనిషి పట్టుకోవాలి. ఎంఐ-17 రెక్కల వ్యాసం 21 మీటర్ల పైమాటే. ఆ గాలికి రేకుల కప్పులు లేస్తాయి, చెట్టు కొమ్మ పట్టుకున్నవాడి పట్టు జారవచ్చు. అలాగని మరీ పైకి పోతే నేల మీద గాలి కొట్టుకుని తిరిగిచ్చే ఆసరా పోతుంది, ఇంజన్లు ఎక్కువ శ్రమ పడాలి. వేడి, తేమ ఉన్న రోజున అది ఇంకా కష్టం. తాడు దేనికైనా చిక్కుకుంటే దాన్ని తెంచే ఏర్పాటు కూడా ఉంటుంది. "ఆ మీట మీద చెయ్యి వెయ్యవలసి వస్తుందేమోనన్న భయం ఎప్పుడూ ఉండేది" అని చెప్పి, ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చారు.

2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని త్రికూట్ రోప్‌వే డబ్బాల్లో చిక్కుకున్నవారిని కాపాడిన పని గురించి ఆ తర్వాత చదివాను. వేలాడే డబ్బాల పైన కేబుళ్లు ఉండటంతో హెలికాప్టర్ కిందికి దిగలేదు, పైనుంచి పొడవాటి తాడు వదిలితే రెక్కల గాలికి డబ్బాలే ఊగుతాయి. గరుడ్‌లు ఆ ఊగే డబ్బాల్లోకి దిగి మనుషుల్ని ఒక్కొక్కరిగా పైకి పంపారు. ఆ పనిలో ఇద్దరు కిందపడి చనిపోయారు కూడా. మిత్రులారా, ఈ రెండో సంగతి వదిలేసి మొదటిది మాత్రం చెప్పకండి. 2013 జూన్ 25న ఉత్తరాఖండ్ వరద సహాయంలో ఉన్న ఎంఐ-17వీ5 గౌరీకుండ్ దగ్గర కూలి 20 మంది ప్రాణాలు పోయాయి. అమ్మకు ఈ సంగతి నేనే చెప్పాను, ఇంకెవరో చెప్పకముందు. "నీళ్లలోంచి మనుషుల్ని తీసేవాళ్లకు దండం పెడతాను. ఆ పని నువ్వే చెయ్యాలా?" అంది. దానికి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

రెండో బోర్డులోనూ అదే ప్రశ్న వచ్చింది. అత్తను కాపాడింది పడవ అని చెప్పాను. కానీ డాబా మీద ఉన్నప్పుడు దూరంగా హెలికాప్టర్ శబ్దం వినిపించిందని, అది తమ కోసం కాకపోయినా ఎవరో బయల్దేరారన్న ధైర్యం వచ్చిందని అత్త చెప్పిన మాట చెప్పాను. ఆ వరద రోజునే మా అత్త వాళ్ల జిల్లాలోని చిట్యాల మండలం నైన్‌పాకలో జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురిని వైమానిక దళం హెలికాప్టర్ బయటికి తీసింది. అధికారి సిబ్బంది గురించి అడిగారు. తలుపు దగ్గరి మనిషి నుంచి మొదలుపెట్టాను. పదిహేను నిమిషాలు అదే సాగింది.

కమాండ్ టాస్క్‌లో, అంటే ఒకరు నాయకత్వం వహించి తోటివారితో అడ్డంకి దాటించే పరీక్షలో, పలక అవతలి కొస ఎక్కడ ఆనుతోందో నాకు పైనుంచి కనిపించలేదు. కింద ఉన్న అబ్బాయిని దూరం లెక్కపెట్టి చెప్పమన్నాను. మొదటిసారైతే నాకు కనిపించనిదాన్ని కూడా కనిపించినట్టే ఆజ్ఞలు ఇచ్చేదాన్ని.

పైలట్ పనికి సరిపోతామో లేదో కంప్యూటర్ మీద చూసే సీపీఎస్‌ఎస్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. దానికి ముందు రాత్రి చదవకండి, నిద్రపోండి. మెడికల్‌కు ముందే ఎత్తు, కాలి పొడవు, కళ్లు చూపించుకోండి. ఎత్తు 162.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అక్కడికి వెళ్లాక తెలిసి ఏడ్చినవాళ్లను చూశాను.

క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగాన్ని వదిలానని బంధువులు చాలా అన్నారు. ఇరవై నాలుగేళ్లు దాటితే ఈ తలుపు మూసుకుంటుంది, ఆ ఉద్యోగం ఇరవై ఆరుకైనా దొరుకుతుంది. ఆడపిల్లను కాబట్టి ఈ లెక్క నాకు వర్తించదన్నట్టు మాట్లాడారు. వర్తిస్తుంది. నాన్న ఒక్కడే ఏమీ అనలేదు, నెల నెలా హాస్టల్ డబ్బు పంపాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు భద్రకాళి బండ్ మీద పరుగెత్తిన ప్రతిరోజూ ఆ డబ్బు గుర్తుకొచ్చేది. వాన పడిందని, ఒళ్లు నొప్పులని, స్నేహితురాలి పెళ్లని మానకండి. మీరు మానిన రోజు ఎవరూ లెక్కపెట్టరు, మీరే లెక్కపెట్టుకోవాలి. ఫోను చేతిలో పట్టుకుని ప్రేరణ వీడియోలు చూసే గంటలో నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి రావచ్చు. ఈ మాట కటువుగా అనిపిస్తే అనిపించనివ్వండి.

హెలికాప్టరే దొరుకుతుందన్న హామీ లేదు. దుండిగల్ అకాడమీలో మొదటి దశ అయ్యాక ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ విభాగాలు కేటాయిస్తారు. నేను అడగబోయేది మాత్రం మూడోదే.

చేరే లోపు ఒక ఆదివారం మోరంచపల్లి వెళ్తున్నాను. అత్తను డాబా ఎక్కించి, ఆ రోజు శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చి ఎటు పోయిందో చూపించమని అడగాలి.