అత్త చేతికెళ్ళిన పుస్తకం

"ఇది నాకిచ్చి నువ్వింకోటి చదువుకో" అని మా అత్త పుస్తకం లాక్కుంది. ఇంకా ముప్పై పేజీలున్నాయి. ఇవ్వలేక ఇచ్చాను. సాయంత్రం దాకా ఆవిడ వంటింటి గుమ్మం మీంచి లేవలేదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' అది. ఆవిడ తొంభై దాటాక, 2012లో వచ్చిన ఆత్మకథ. ఊహ తెలియని వయసులో పెళ్ళి, వైధవ్యం. తర్వాత కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త వదిలి వెళ్ళడం, ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకోవడం. ఇంత జరిగినా ఎక్కడా గొంతు పెంచరు. ఏ కన్నీటినీ రెండో వాక్యం దాకా సాగదీయరు. నాకు అన్నిటికంటే నచ్చింది నడివయసులో మళ్ళీ బడి పుస్తకాలు పట్టి, మెట్రిక్ చదివి, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా తన జీతం తాను సంపాదించుకున్న భాగం. అసలు వీరత్వం నాకక్కడే కనిపించింది.

దానికి ముందు దాశరథి రంగాచార్య నవల 'చిల్లర దేవుళ్లు' చదివాను. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొర గడీ (కోటలాంటి ఇల్లు), వెట్టి. పాటగాడు పాణి మరీ మంచివాడనిపించాడు, అతని పాట కంటే గడీలో ఆడబాపగా, అంటే దాసిగా, బతికే వనజ మౌనమే నన్ను పట్టుకుంది. ఊరి జనం నోట తెలంగాణ మాట వింటుంటే మాత్రం, పేజీలో కాదు, వాళ్ళ మధ్యే కూర్చున్నట్టుంది.

నవల ఊరిని చూపించింది, ఆత్మకథ ఒక మనిషిని చూపించింది. ఒకటే ఎంచుకోమంటే ఆత్మకథే అంటాను, ఆలోచించకుండా.

ఇప్పుడు రంగాచార్యదే 'మోదుగుపూలు' మొదలుపెడుతున్నా. చదివినవాళ్ళు కథ చెప్పొద్దు, ఎలా ఉందో మాత్రం చెప్పండి.