థర్టీ-థర్టీకి తూటాలు కొనడం: నా అనుభవం

పెన్సిల్వేనియాలో జింకల రైఫిల్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. ఈలోగా నా థర్టీ-థర్టీ (.30-30) రైఫిల్‌కి ఏ తూటాలు కొనాలో తేలిపోయింది. కాని అవి కొనడానికి వెళ్ళిన మొదటి షాపు మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు, రైఫిల్ కొనేటప్పుడు నింపే ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్... గ్రీన్ కార్డు ఉంటే వీటిలో ఏదీ కష్టం కాదు. హెచ్1బీ వాళ్ళు మాత్రం ముందు హంటింగ్ లైసెన్సు తీసుకోండి. అలాంటి మినహాయింపు ఏదీ లేకుండా తుపాకీయే కాదు, తూటా దగ్గరున్నా ఫెడరల్ నేరమే.

నాది పాత మార్లిన్ 336. లివర్ యాక్షన్, అంటే కింద ఉన్న లివర్‌ని ఆడిస్తే తర్వాతి తూటా లోపలికి వస్తుంది. వాడేది థర్టీ-థర్టీ తూటా. 1895 నుంచి అమ్ముతున్నదే ఇది. దట్టమైన అడవిలో జింకకి ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. చిక్కంతా తూటాలు నింపే మ్యాగజైన్ దగ్గరే. బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందుని అంటించే, తూటా అడుగున ఉండే బిళ్ళ) ఆనుకుంటుంది. పేల్చిన అదురుకి మొనదేలిన ముక్కు ప్రైమర్‌ని పొడిస్తే గొట్టంలోనే పేలిపోవచ్చు. అందుకే ముక్కు చదునుగానో గుండ్రంగానో ఉన్నవే వాడాలని కోర్సులో మరీ మరీ చెప్పారు.

షాపుకి వెళ్ళి థర్టీ-థర్టీ అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు హార్నడీ కంపెనీ లెవర్‌ఎవల్యూషన్ తూటాల పెట్టె తీసి ముందు పెట్టాడు. 160 గ్రెయిన్లు (గుండు బరువుకి కొలత, గ్రాముకి సుమారు 15.4), ఎర్రటి మొన, సూదిలా ఉంది. "ఇది ట్యూబ్ మ్యాగజైన్లో పెట్టొచ్చా?" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్నే కదా! వాడు జవాబు చెప్పకుండా పక్కవాడికి నా ప్రశ్న వినిపించి నవ్వాడు. నా వెనక లైన్లో ఉన్నవాళ్ళూ నవ్వారు. అంతటితో ఆగాడా? "మీవాళ్ళు మాంసం తినరు కదా, జింకతో నీకేం పని?" అన్నాడు. మాది భీమవరం అబ్బాయ్, ఆదివారం పూట మా ఇంట్లో మాంసం లేకపోతే మా నాన్న కంచం ముందే కూర్చోడు! ఇదంతా ఇంగ్లిష్‌లో చెప్పేలోపు వాడు తర్వాతి మనిషిని పిలిచేశాడు. చెవులు వేడెక్కిపోయాయి. ఏమీ కొనకుండా బయటికొచ్చాను.

జవాబు రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోటు) ఒక పెద్దాయన చెప్పాడు. ఆ ఎర్ర మొన మెత్తటి పాలిమర్. నొక్కితే అణుగుతుంది, కాబట్టి ప్రైమర్‌ని పొడవదు. అది తయారుచేసిందే లివర్ రైఫిళ్ళ కోసమట. ఇంతే! ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆ షాపువాడికి నోరు రాలేదు.

వేరే షాపులో మూడు రకాలు తెచ్చుకున్నాను: చదును ముక్కు సాఫ్ట్ పాయింట్లు (కొసన మెత్తటి సీసం బయటికి కనిపించేవి) 150, 170 గ్రెయిన్లవి, వాటితోపాటు ఆ ఎర్ర మొనది. కంపెనీ లెక్కలో 150కి సెకనుకి 2390 అడుగుల వేగం, 170కి 2200, ఎర్ర మొనకి 2400. అంకెలు చూస్తే ఎవరైనా ఎర్ర మొనే కొంటారు. కానీ దాని లాభం తెలిసేది 200 గజాల దగ్గర. నేను కూర్చునే చోట 80 గజాలు దాటితే చెట్లు తప్ప ఏమీ కనబడదు.

వంద గజాల్లో కాగితం పెట్టి, బ్యారెల్ చల్లారనిస్తూ కాల్చాను. 150 చెల్లాచెదురుగా పడింది. ఎర్ర మొన ఫర్వాలేదు. 170 మాత్రం మూడు చిల్లుల్నీ ఒక నిమ్మకాయ కింద దాచేయొచ్చు, అదీ స్కోపు లేకుండా, రైఫిల్ మీదుండే పాత ఐరన్ సైట్లతో గురి చూసి! పక్క బెంచీ మీద స్కోపు పెట్టుకున్నవాళ్ళు కూడా లేచొచ్చి చూశారు. ధర కూడా ఎర్ర మొన కంటే తక్కువే.

మీ రైఫిల్‌కి 150 కుదరొచ్చు, కాల్చి చూడందే తెలియదు. కుదిరింది తెలిశాక పెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబరు) చూసి అదే లాట్‌లో ఇంకో రెండు పెట్టెలు తీసుకోండి. సీజన్ దగ్గరపడితే థర్టీ-థర్టీ అరలు ఖాళీ అయిపోతాయి. నేను తీసుకునేశాను, రెండో షాపులోనే. మొదటి షాపు ఇంటికి దగ్గరే, అయినా ఆ గుమ్మం ఇక తొక్కను.