స్విచ్ లేని ఇంజిన్

లేత్ మెషిన్ల గురించి, ఫైలింగ్ చేసీ చేసీ బొబ్బలెక్కిన చేతుల గురించి మన కాలేజీ పాత విద్యార్థుల ఈ సంచికలో ఎవరో ఒకరు రాస్తారు, అందులో అనుమానం లేదు. నేను మాత్రం వర్క్‌షాప్ వెనక షెడ్డులో మా మోడల్ క్లబ్ చేసిన గోల గురించి రాస్తాను. మ్యాథ్స్ క్లాసులో కూర్చున్నవాళ్లకి కిటికీలోంచి కందిరీగ మోతలాగా వినపడిందే, అది మా నైట్రో కార్ల ఇంజిన్. అప్పట్లో తిట్టుకున్నవాళ్లు కనీసం ఇప్పుడైనా అదేంటో తెలుసుకోండి.

రిమోట్ కార్లలో వాడే బుల్లి టూ స్ట్రోక్ ఇంజిన్లు అవి. చిన్నవి రెండు సీసీ చిల్లర, కాస్త పెద్దవి మూడున్నర సీసీ. సైజుని చూసి నవ్వకండి, నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరగగలవు. ఇంధనం పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన మిశ్రమం, ఆ నూనెలో చాలాసార్లు మన ఆముదమే ఉంటుంది. ఆ పొగ వాసన ఒకసారి చొక్కాకి పట్టిందంటే ఉతికినా ఓ పట్టాన వదలదు. స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. దాని లోపల సన్నటి ప్లాటినం తీగచుట్ట. ఇగ్నైటర్ అనే ఒకటిన్నర వోల్టుల చిన్న బ్యాటరీ పరికరం తగిలిస్తే ఎర్రగా కాలుతుంది, తాడు లాగితే ఇంజిన్ అందుకుంటుంది, ఆ తర్వాత ఇగ్నైటర్ తీసేసినా సరే, లోపలి వేడికి తోడు ప్లాటినం మీద మిథనాల్ చేసే రసాయన చర్య వల్ల ఆ తీగ ఎర్రగానే ఉంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. ఆపాలంటే తీయడానికి కరెంటు లేదు, తాళంచెవి లేదు, పీకడానికి వైరు కూడా లేదు.

అందుకే మన వర్క్‌షాప్ సార్ ఒక రూలు పెట్టారు. "ఒరేయ్, ఆపడం రానివాడు తాడు ముట్టుకోవడానికి వీల్లేదు." కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో పని అదే, సీనియర్లు స్టార్ట్ చేసి ఇస్తే వీళ్లు ఆపాలి. ఉత్సాహం మీద వచ్చినవాడికి ఇది శిక్షలా అనిపించేది. నాకైతే ఆ కాలేజీలో నేర్చుకున్నవాటిలో ఇంత సూటిగా పనికొచ్చిన పాఠం మరొకటి లేదు.

ఆపే పద్ధతి ఇలా. ముందు కారుని స్టాండు మీద పెట్టి చక్రాలు గాల్లో ఉండేలా చూసుకోవాలి, థ్రాటిల్ పూర్తిగా తగ్గించి ఇంజిన్‌ని ఐడిల్‌కి తేవాలి. అప్పుడు ట్యాంకు నుంచి కార్బ్యురేటర్‌కి వెళ్లే సిలికాన్ ట్యూబుని వేళ్లతో నొక్కి పట్టాలి. వెంటనే ఆగదు. పైగా ఒక క్షణం మోత పెరుగుతుంది, కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే కంగారుపడి చెయ్యి తీసేసేవాళ్లు. కార్బ్యురేటర్‌లో మిగిలిన కాస్త ఇంధనానికి గాలి ఎక్కువై మిశ్రమం పల్చనవుతుంది కాబట్టి ఆ మోత. అది దాటేదాకా పట్టుకుంటే ఇంజిన్ గొంతు తగ్గి ఆగిపోతుంది. ఫుల్ థ్రాటిల్ మీద ఉన్నప్పుడు కావాలని ఇలా చేయకూడదు, ఆ పల్చటి మిశ్రమంతో వేడి పెరిగి పిస్టన్ దెబ్బతింటుంది. ట్యూబు చేతికి అందకపోతే సైలెన్సర్ చివరి గొట్టాన్ని మందపాటి గుడ్డతో మూసేయాలి, పొగ బయటికి పోయే దారి లేక ఇంజిన్ ఊపిరాడక ఆగుతుంది. వట్టి వేలు పెడితే మాత్రం బొబ్బే, ఆ గొట్టం అంత వేడిగా ఉంటుంది. ఇలా ఆపినప్పుడు లోపల పచ్చి ఇంధనం మిగిలిపోవచ్చు, కాబట్టి రోజు చివర్లో ట్యూబు నొక్కడమే మేలు.

ఒకసారి పక్క బ్యాచ్ అబ్బాయి ఇంజిన్ తిరుగుతుండగానే చేతిలో ట్రాన్స్‌మిటర్, అంటే రిమోట్, ఆపేశాడు. కారులో ఉండి రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్, ఆ సిగ్నల్ పోతే ఏం చేస్తుందో చెప్పలేం, ఆ రోజు థ్రాటిల్‌ని కదిపే బుల్లి మోటారు, సర్వో, దాన్ని మొత్తం తెరిచేసింది. స్టాండు మీదున్న కారు ఊగిపోతూ అరుస్తుంటే అందరం వెనక్కి దూకాం, మన బ్యాచ్ అమ్మాయి ఒక్కతే బెంచీ మీది గుడ్డ మడిచి వెళ్లి సైలెన్సర్ మూసేసింది. పేరు రాస్తే నన్ను చంపుతుంది, మీకెలాగూ తెలుసు. సార్ మాత్రం ఆ అబ్బాయిని ఏమీ అనలేదు, షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాశారంతే: "ఆన్ చేసేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత రిసీవర్. ఆపేటప్పుడు ముందు ఇంజిన్, తర్వాత రిసీవర్, చివర ట్రాన్స్‌మిటర్."

ఇంజిన్ ఆగాక అందరికీ క్యాంటీన్ గుర్తొచ్చేది, కానీ అసలు పని అప్పుడే మొదలు. మిథనాల్ గాల్లోని తేమని లాక్కుంటుంది, నైట్రో మండాక మిగిలేది ఆమ్లంలా లోహాన్ని తింటుంది. రెండూ కలిసి బేరింగుల్ని, క్రాంక్‌షాఫ్ట్‌ని ఎర్రగా తుప్పు పట్టిస్తాయి. కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌ని మళ్లీ ఒకసారి తిప్పి గొట్టాల్లో మిగిలింది మండించేయాలి. తర్వాత గ్లో ప్లగ్ విప్పి ఆ కంతలో కొన్ని చుక్కలు, కార్బ్యురేటర్‌లో కొన్ని చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఇంజిన్ ఆపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి, మొహం పక్కకి పెట్టి, పైన గుడ్డ కప్పి క్రాంక్‌షాఫ్ట్‌కి బిగించిన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ని, చేత్తో తిప్పాలి. గుడ్డ ఎందుకంటే లోపల ఏమైనా ఉంటే నేరుగా కంట్లోకే చిమ్ముతుంది. చివరగా పిస్టన్‌ని అడుగుకి దించి వదలాలి. పిస్టన్ కదిలే గొట్టం, అంటే స్లీవ్, పైభాగం కావాలనే కాస్త ఇరుగ్గా చేస్తారు, వేడికి అది వ్యాకోచిస్తేనే పిస్టన్‌కి సరిపోతుంది. పిస్టన్ పైనున్నప్పుడు చల్లారితే స్లీవ్ దాన్ని బిగించేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి కడిగి నూనె పట్టించడం ఎవరికీ ఇష్టముండేది కాదు, కానీ ఇంజిన్లు ఎక్కువగా పోయేది ఆ దుమ్ముతోనే.

ఇంధనం దగ్గర మాత్రం సార్ సరదాలు సాగనిచ్చేవారు కాదు. మిథనాల్ విషం, కొంచెం కడుపులోకి పోయినా కళ్లు పోవచ్చు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. దాని మంట పగటి వెలుతురులో సరిగా కనపడదు. డబ్బా మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టాలి. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ తిప్పడం అసలే కుదరదు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

మొన్నటి కలయికకి వెళ్లినప్పుడు ఇప్పటి పిల్లలు ఆ షెడ్డు బీరువాలోంచి మన పాత ఇంజిన్ ఒకటి తీసి చూపించారు. బిగుసుకుపోయింది, ఒకడు ఫ్లైవీల్‌కి ప్లయర్ పెట్టబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. బాబూ, ఇది చదువుతుంటే విను. అది పాత ఆముదం గడ్డకట్టడం వల్ల కావచ్చు, బలం వాడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు లోపలా బయటా ఇంధనం లేదని చూసుకుని, గ్లో ప్లగ్ విప్పి, హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్ హెడ్‌ని బాగా వేడి చెయ్యి, కాస్త ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున్న మళ్లీ వేడి చేసి ఫ్లైవీల్‌ని చేత్తో అటూ ఇటూ మెల్లిగా కదుపు. కదిలితే తాడు లాగేముందు బేరింగులు చూడు, గరగరమంటుంటే మార్చాల్సిందే.