ఏడో సీజన్ డబ్బా

బేస్‌మెంట్‌లో పాత సామాను సర్దుతుంటే, చలికోట్ల అడుగున ఆ డబ్బా దొరికింది. నీలం జుట్టు, పసుప్పచ్చ మొహం, గుడ్లప్పగించి చూసే కళ్లు. అచ్చం మార్జ్ సింప్సన్ తలే. మార్జ్ అమ్మగా ఉండే అమెరికన్ కుటుంబం కార్టూన్ సీరియల్ 'ద సింప్సన్స్' ఏడో సీజన్ డీవీడీ సెట్ అది. 2005 డిసెంబరులో వచ్చింది. ఆ సెలవుల్లోనే మా ఆయన కొనుక్కొచ్చారు. మా పదమూడేళ్ల అమ్మాయి దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని "అమ్మా, ఇది నీదా?" అంది, నమ్మలేనట్టు.

నాదే. 2001లో పెళ్లి చేసుకుని ఒహాయోలోని కొలంబస్‌కి వచ్చాను. మా ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు, కారు నడపడం రాదు. ఆయన పొద్దున ఎనిమిదికి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. నరసరావుపేటలో ఇంగ్లీషులోనే డిగ్రీ చదివాను. అయినా ఇక్కడ సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసే అమ్మాయి అడిగేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రోజూ సాయంత్రం లోకల్ ఛానెల్లో సింప్సన్స్ పాత ఎపిసోడ్లు వేసేవాళ్లు. టీవీ కింద అక్షరాలు పెట్టుకుని చూసేదాన్ని. ఈ దేశపు మాట నా చెవికి పట్టింది ఆ కార్టూన్‌తోనే. పక్కింటివాళ్ల పలకరింపులు, మొగుడూ పెళ్లాల దెప్పిపొడుపులు, పిల్లల పేచీలు అన్నీ అందులో ఉండేవి. ఆ ఇల్లు నాకు తోడుగా ఉండేది.

ఇప్పుడు మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ లేదు. పెద్దవాడి పాత ప్లేస్టేషన్‌లో డిస్క్ పెట్టి, నేనూ అమ్మాయీ దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. ఈ ఎపిసోడ్లన్నీ స్ట్రీమింగ్‌లో ఉన్నాయి కదా అంది. ఉన్నాయి. కానీ స్ట్రీమింగ్‌లో వాళ్లు తలుచుకుంటే ఏదైనా తీసెయ్యగలరు. మైకేల్ జాక్సన్ గొంతు ఇచ్చిన ఎపిసోడ్‌ని 2019లో అలాగే పక్కన పెట్టేశారు. డిస్క్ మీద ఉన్నది మాత్రం ఎలా తీశారో అలాగే ఉంటుంది, మంచీ చెడ్డా రెండూ. పిల్లలకి చూపించాలంటే ఇలాగే చూపించాలి.

ముందు మార్జ్ కూతురు లీసా శాకాహారిగా మారే ఎపిసోడ్ పెట్టాను. 1995 అక్టోబరులో మొదటిసారి ప్రసారమైంది. లీసా ఒక గొర్రెపిల్లని ముద్దు చేసి ఇంటికొస్తుంది. రాత్రి భోజనంలో కంచంలోకి గొర్రెమాంసమే వస్తుంది. ఇక ముద్ద దిగదు. బడిలో టీచరు వింతగా చూస్తుంది, ఇంట్లో అన్న ఆటపట్టిస్తాడు, నాన్న పెరట్లో ఊరందరికీ మాంసం విందు పెడతాడు. ఎటు తిరిగినా ఒంటరే. చివరికి విసిగిపోయి, యాస సాగదీసి మాట్లాడే భారతీయుడు అపూ నడిపే కొట్టుకెళ్లి ఒక హాట్‌డాగ్ లాక్కుని తినేస్తుంది. అందులో ఉన్నది మాంసం కాదు, సోయాతో చేసిన టోఫూ అని అపూ చల్లగా చెప్తాడు. తర్వాత ఫ్రిజ్ వెనకున్న దొంగతలుపు తీసి మేడ మీదికి తీసుకెళ్తాడు. అక్కడ ఒక తోట ఉంటుంది, అందులో బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ, ఆయన భార్య లిండా ఉంటారు. ఇకముందు కూడా లీసా శాకాహారిగానే ఉండాలన్న షరతు మీదే మెకార్ట్‌నీ ఇందులో గొంతు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. 30 ఏళ్లయినా ఆ మాట నిలబెట్టుకున్నారు.

మా ఇంట్లో మాంసం వండం. మా అమ్మాయి ఒకటో తరగతి నుంచీ పెరుగన్నమో పప్పన్నమో పట్టుకెళ్తోంది. ఆ మేడ మీది సీను దగ్గర అది దుప్పటిలోంచి లేచి కూర్చుంది. అపూ తాను పాలూ జున్నూ కూడా ముట్టనంటాడు. లీసా జున్ను తింటుంది. అలాగైతే నేను నీ కంటికి రాక్షసిలా కనిపిస్తున్నానేమో అని లీసా అడిగితే, నిజానికి నాకు అలాగే అనిపిస్తుంది, కానీ నా నమ్మకాన్ని ఇంకొకరి మీద రుద్దకూడదని ఎప్పుడో నేర్చుకున్నాను అంటాడు. ఊరంతటిలో ఆ పిల్లకి దారి చూపించింది అతనొక్కడే. "అమ్మా, ఇతను ఎంత మంచివాడో కదా!" అంది మా అమ్మాయి. ఆ వెంటనే, గొంతు తగ్గించి, "కానీ ఈ గొంతు నాకు తెలుసు" అంది.

రిమోట్ నొక్కి ఆపాను.

బస్సులో ఇద్దరు అబ్బాయిలు ఇలాగే మాట్లాడతారట. ఒకరోజు నేను ఫోన్ చేస్తే స్పీకర్‌లో నా గొంతు విన్నారట. అప్పట్నించీ ఇది బస్సెక్కగానే తల ఊపుతూ ఈ యాసతో రెండు మాటలంటారట. ఆరు నెలలుగా జరుగుతోంది. నాకు చెప్పలేదు. నాకు బాధ కలుగుతుందని చెప్పలేదట. ఆ పిల్లలు ఈ కార్టూన్ ఎప్పుడూ చూసి ఉండరని దాని నమ్మకం. అపూ 1990లో తెరమీదికొచ్చాడు. ఆ అబ్బాయిల నాన్నలు ఆ రోజుల్లో పిల్లలు. నాన్న నోట విన్నదే కొడుకు అంటున్నాడు. పాత్ర మరుగున పడింది, గొంతు మాత్రం ఒక తరం దాటి మా పిల్లదాకా వచ్చింది.

నాకు 2003లో జరిగింది గుర్తొచ్చింది. ఒక దుకాణం ముందు మేమిద్దరం సంచులు కార్లో పెడుతుంటే, పక్క కారులోని కుర్రాళ్లు అపూ ఊతపదం గట్టిగా అరిచి వెళ్లిపోయారు. ఆయన నవ్వేశారు, నేనూ నవ్వాను. మాకు అది ఎవరో ఊరివాళ్ల వెటకారం. మా ఊరు వేరే ఉంది, అక్కడ మా పేర్లు అందరూ సరిగ్గానే పలుకుతారు, మా మాట అక్కడ మామూలు మాట. ఆ కుర్రాళ్లు మా నుంచి తీసుకోగలిగింది ఏమీ లేదు. మా అమ్మాయికి అలా వెనక్కి వెళ్లి ఆనుకునే ఊరు లేదు. అది పుట్టింది కొలంబస్‌లో, దాని ఊరు ఇదే, ఆ బస్సు దానిదే. ఏటా కొత్త క్లాసులో టీచరు హాజరు పిలుస్తూ పిలుస్తూ దాని పేరు దగ్గర ఆగుతుంది. పలికేలోపే ఇది చెయ్యెత్తి "నేనే" అనేస్తుంది. నేను నవ్వి వదిలేసినదాన్ని అది నవ్వి వదిలెయ్యాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది న్యాయం కాదని ఆ రాత్రి తెలిసింది.

రెండో ఎపిసోడ్ చూపించాలా వద్దా అని కాసేపు ఆలోచించి, పెట్టాను. 1996 మేలో వచ్చింది. 1994లో కాలిఫోర్నియాలో కాగితాల్లేని వలసదారుల మీద ఓటింగు పెట్టారు, ప్రతిపాదన 187 అని. దాన్ని దృష్టిలో పెట్టుకునే ఇది తీశారు. ఊళ్లో పన్ను పెరిగితే మేయరు నెపం వలసవచ్చినవాళ్ల మీదికి నెడతాడు. అపూ స్టూడెంట్ వీసా ఎప్పుడో ముగిసిపోయింది. దొంగ కాగితాలు కొనుక్కుంటాడు, కౌబాయ్ టోపీ పెట్టి యాస మార్చేస్తాడు, కొట్లోని వినాయకుడి బొమ్మ తీసేసి ఆ చోట సినిమా తారల బొమ్మలున్న పత్రిక పెడతాడు. దాన్ని చూపిస్తూ గొప్పలు చెప్పబోయి మధ్యలోనే భోరుమంటాడు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. మా వంటింట్లో, స్టవ్ పక్క అలమరలో, అరచేతిలో పట్టేంత వినాయకుడున్నాడు. మా అమ్మ ఊరునుంచి చీర మడతల్లో పెట్టి పంపింది.

తర్వాత అపూ పౌరసత్వం పరీక్ష రాస్తాడు. అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే లోతుగా వివరించబోతాడు. బానిసత్వం అని ఒక్కమాట చెప్పు చాలు అంటాడు అధికారి. 2014లో నా పరీక్షకి ఇచ్చిన 100 ప్రశ్నల్లో ఆ ప్రశ్న ఉంది. అప్పట్లో పది అడిగేవాళ్లు, ఆరింటికి సరిగ్గా చెప్తే చాలు. నేను మాత్రం వందా కంఠతా పట్టాను. అమ్మాయి అప్పుడు చిన్నపిల్ల, నా ఒళ్లో పడుకుంటే దానికి జోలపాటలా ఆ జవాబులే వల్లించాను. వలసవచ్చినవాడి భయాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న రచయితలే అతనికి ఆ గొంతు పెట్టారు. ఆ రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఒకటి చూసి ఇంకొకటి మర్చిపోమని పిల్లకి నేను చెప్పలేను.

ఆ గొంతు ఎవరిదని అడిగింది. హాంక్ అజారియాది, న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన నటుడు, భారతీయుడు కాడు. ఆ గొంతు ఎంత గాయం చేసిందో గట్టిగా చెప్పి, 2017లో డాక్యుమెంటరీ తీసిన కమెడియన్ హరి కొండబోలు కూడా క్వీన్స్‌లోనే పెరిగాడు. తెలుగు కుటుంబం. "కొండబోలా? మనవాళ్లా?" అని పిల్ల మొహం వెలిగింది. మరుసటి ఏడాది కార్టూన్‌వాళ్లు లీసా చేతే ఆ విమర్శ మనసులో పెట్టుకుని ఏదో తప్పించుకునే మాట అనిపించారు. నాకది చాలా కష్టంగా తోచింది. మేడ మీది తోటలో కూర్చున్న ఆ పిల్ల అనాల్సిన మాట కాదది. 2020లో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు, 2023లో కొండబోలుతో కలిసి రేడియోలో కూర్చుని మాట్లాడాడు. తప్పు తెలుసుకుని దిద్దుకున్న మనిషిగా ఆయనంటే నాకు గౌరవమే. అదే చెప్పాను.

అమ్మాయి కాసేపు ఆలోచించి, ఫోన్ తీసి నా మొహం దగ్గర పెట్టింది. "అమ్మా, అంతర్యుద్ధం జవాబు చెప్పు. నన్ను నిద్రపుచ్చుతూ చెప్పేదానివే, అలాగే." బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు అని ఇంగ్లీషులో చెప్పాను, మా ఊరి అచ్చులన్నీ పదాల చివర అతుక్కుని. టీవీలో అపూ మాట ఒకసారి, ఫోన్‌లో నా మాట ఒకసారి, పక్కపక్కనే పెట్టి వింది. మళ్లీ వింది.

"అసలు దగ్గరే లేదమ్మా" అంది. "వాళ్లకి నీలా మాట్లాడటం రాదు."

రికార్డింగ్‌కి పేరు పెట్టి దాచుకుంది. బస్సు విషయం సోమవారం టీచరుకి తనే చెప్తానంది, నన్ను మాత్రం పక్కన కూర్చోమంది.