డోర్ట్‌మండ్‌లో ఓ చిన్న గ్లాసు

జర్మనీలోని డోర్ట్‌మండ్ స్టేషన్ దగ్గర తలెత్తితే టవర్ మీద పెద్ద బంగారు రంగు ‘యు’ అక్షరం. 1927 నాటి యూనియన్ బ్రూవరీ అది. ఇప్పుడు లోపల బీరు కాయడం లేదు, మ్యూజియం పెట్టారు!

బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో షిఫ్టు దిగినవాళ్ల దాహమే ఇక్కడి బ్రూవరీలను పోషించింది. తర్వాత గనులు మూతపడ్డాయి, పెద్ద బ్రూవరీలు చిన్నవాటిని మింగేశాయి. బెర్గ్‌మన్ అనే పాత బ్రూవరీ పేరును మాత్రం 2005లో మళ్లీ లేపారు. ఇప్పుడు ఇనుము కరిగించిన పాత బ్లాస్ట్ ఫర్నేసుల పక్కనే ఆ బీరు కాస్తున్నారు.

నిన్న అక్కడే ‘ఎక్స్‌పోర్ట్’ అనే ఇక్కడి రకం బీరు తాగాను. లేత బంగారు రంగు, చిక్కటి నురగ, చేదు తక్కువ. మన స్ట్రాంగ్ బీరు అలవాటైనవాళ్లు పెదవి విరుస్తారేమో, నాకైతే తెగ నచ్చింది. పక్క టేబుల్ పెద్దాయన స్టోస్‌షెన్ అడగమన్నాడు. గుప్పిట్లో పట్టే గ్లాసు, రెండు గుక్కల్లో ఖాళీ. ఇంకోటి చెప్పక తప్పలేదు.