ఈశాన్యంలో శివుడు

గీత ఏడో అధ్యాయంలో 21వ శ్లోకం చదివినప్పుడల్లా కృష్ణుడి మీద నాకు ప్రేమ ఇంకాస్త పెరుగుతుంది.

యో యో యాం యాం తనుం భక్తః శ్రద్ధయార్చితుమిచ్ఛతి
తస్య తస్యాచలాం శ్రద్ధాం తామేవ విదధామ్యహమ్

ఎవరు ఏ రూపాన్ని శ్రద్ధగా అర్చించాలనుకుంటే, ఆ రూపం మీదే వాళ్ల శ్రద్ధ చలించకుండా నేను నిలబెడతాను అంటున్నాడు. చూడండి, ఆ భక్తుణ్ణి తన వైపు తిప్పుకుంటానని అనలేదు, వినాయకుణ్ణి నమ్ముకున్నవాడికి వినాయకుడి మీదే గురి కుదురుస్తానన్నాడు! ఆ వెంటనే 23వ శ్లోకంలో, అలాంటి పూజల ఫలానికి అంతం ఉందని కూడా చెప్పాడు. ఆ మాట దాచిపెట్టి "అన్నీ ఒకటేలెండి" అని తేల్చేయడం నాకు నచ్చదు. కానీ అంతం ఉన్న ఫలమైనా ఇచ్చేది తానేనని, అందుకు కావలసిన నమ్మకం కూడా తానే ఇస్తానని చెప్పినవాడి మనసు ఎంత పెద్దదో కదా.

శివుడు, విష్ణువు అని తేడా లేకుండా ఐదుగురు దేవతలనూ కలిపి కొలిచే స్మార్తుల ఇళ్లలో చేసే పంచాయతన పూజలో ఇది కళ్లకు కనిపిస్తుంది. చిన్న పళ్లెంలో ఐదు మూర్తులు. విష్ణువుకు గండకీ నదిలో దొరికే సాలగ్రామం, శివుడికి నర్మదా తీరపు బాణలింగం, గణపతికి శోణభద్ర నదిలోని ఎర్రటి శిల, అమ్మవారికి మన శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి రాయి, సూర్యుడికి స్ఫటికం. ఇష్టదైవం ఎవరైతే వాళ్లు మధ్యలో ఉంటారు, మిగతా నలుగురు నాలుగు మూలల్లో. విష్ణువు మధ్యలో ఉంటే ఈశాన్యంలో శివుడు, శివుడు మధ్యలో ఉంటే అదే ఈశాన్యంలో విష్ణువు. మధ్య స్థానం మారుతుందే తప్ప పళ్లెంలోంచి ఎవరినీ తీసెయ్యరు, అభిషేకం అందరికీ జరుగుతుంది.

మా ఇలవేల్పు నరసింహస్వామి. కష్టమొచ్చినా, రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా నా నోట వచ్చేది ఆయన పేరే. అలాగని యాదగిరిగుట్టకు వెళ్లినప్పుడు అదే కొండ మీదున్న రామలింగేశ్వరస్వామిని చూడకుండా దిగి రాను. అక్కడ నేనేమీ కోరుకోను, కాసేపు కూర్చుని దండం పెట్టుకుని వస్తాను, అంతే. "ఇద్దరికీ మొక్కితే ఎవరి మీదా గురి ఉండదు" అనేవాళ్లున్నారు. గురి పోయేది ఇంకో దేవుడికి దండం పెట్టినందువల్ల కాదు, పని కాలేదని నెలకో దేవుణ్ణి మార్చినప్పుడు పోతుంది. శ్లోకంలో "అచలాం" అన్నది అందుకే అని నా నమ్మకం.

ఇంట్లో పిల్లలు "ఏ దేవుడు గొప్ప?" అని అడిగితే ఒకటే చెబుతాను: మనకు నరసింహస్వామి, పక్కింటి వాళ్లకు కొమురవెల్లి మల్లన్న, ఇద్దరికీ దండం పెట్టుకో.