రోడ్ బైక్‌కి కొత్త వీల్స్: మన ఘాట్లకీ మన ఎండకీ ఏవి నప్పుతాయి

రోడ్ బైక్ కొన్న ఏడాదికో రెండేళ్లకో వీల్స్ మీదికి మనసు పోతుంది, అందరికీ ఇంతే. తిరుపతిలో పొద్దున్నే తొక్కేవాళ్లు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే, "అన్నా, కార్బన్ వీల్స్ వేయించుకోమంటావా?" అని. ఏ రోడ్డులో తొక్కుతావు, చువ్వ విరిగితే ఎవరి చేత బాగు చేయిస్తావు, ముందు ఈ రెండూ చెప్పమంటాను.

అమ్మేవాళ్లు ముందు బరువు గురించే చెప్తారు కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతా. బైకుతో పాటు వచ్చే జత చాలావరకు 2 కిలోల దగ్గర్లో ఉంటుంది, మంచి అల్యూమినియం జత 1600 గ్రాముల్లో దొరుకుతుంది. తగ్గేది 400 గ్రాములు. మనిషి, బైకు, నీళ్లు అన్నీ కలిపి 80 కిలోలనుకుంటే అది అర శాతం, అంటే 40 నిమిషాలు పట్టే ఘాట్‌లో మిగిలేది సుమారు 12 సెకన్లు. తిరిగే బరువు తగ్గితే లాభం రెండింతలంటారు గానీ అది వేగం పెంచే క్షణంలో మాత్రమే, ఒకే వేగంతో ఎక్కుతున్నప్పుడు రిమ్ములో ఉన్న గ్రామూ బాటిల్లో ఉన్న గ్రామూ ఒకటే. రేసుల్లో దిగేవాళ్లకి ఆ 12 సెకన్లు కావాలి, ఒప్పుకుంటా. మనలో చాలామందికి అంతకంటే ముఖ్యమైన విషయాలు వేరే ఉన్నాయి.

మొదటిది దిగడం. చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి తిరిగొచ్చేటప్పుడు, లేదా పలమనేరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా చిత్తూరు వైపు దిగేటప్పుడు, ముందు లారీ, వెనక బస్సు, మలుపు మీద మలుపు, బ్రేకు మీద నుంచి చెయ్యి తీయలేం. డిస్క్ బ్రేకులైతే ఆ వేడి రోటర్‌కి, అంటే చక్రం మధ్యలో ఉండే ఇనుప పళ్లేనికి పోతుంది, రిమ్ముకి (టైరు కూర్చునే చట్రానికి) సంబంధం లేదు. రిమ్ బ్రేకులైతే బ్రేకు కట్టలు రిమ్మునే నొక్కుతాయి, వేడంతా రిమ్ము మీదే. అల్యూమినియం దాన్ని తొందరగా గాలికి వదిలేస్తుంది, కార్బన్ అలా వదల్లేదు, అందులో కార్బన్ నారల్ని పట్టి ఉంచే రెజిన్ జిగురు మెత్తబడి రిమ్ము ఉబ్బే ప్రమాదం ఉంటుంది, ట్యూబ్ పేలొచ్చు కూడా. పైగా మనకి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు. రిమ్ బ్రేక్ బైకున్న తమ్ముళ్లకి గట్టిగానే చెప్తా, మన ఘాట్లకి కార్బన్ రిమ్ము వద్దు. డిస్క్ ఉంటే మీ ఇష్టం, కానీ 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములు వేసుకుని రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు బయల్దేరితే, పక్కనుంచి పెద్ద బండి దూసుకెళ్లినప్పుడు హ్యాండిల్ ఎలా లాగుతుందో ఆలోచించుకోండి. 30 లేదా 35 దాకా లోతు చాలు.

ఇక వెడల్పు. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది దీని మీదే. లోపలి వెడల్పు 19 నుంచి 21 మిల్లీమీటర్లున్న రిమ్ము మీద 28 మిల్లీమీటర్ల టైరు ఎక్కించి గాలి కాస్త తగ్గిస్తే, గతుకుల మీద చేతులకీ నడుముకీ వచ్చే తేడా ఏ బరువు లెక్కా ఇవ్వదు. ఒకటి చూసుకోవాలి, వెడల్పు రిమ్ము మీద టైరు దాని మీద రాసిన సైజు కంటే కాస్త లావవుతుంది, ఫ్రేముకీ బ్రేకుకీ తగులుతుందేమో ముందే కొలవండి. హుక్‌లెస్ రిమ్ములైతే, అంటే టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనివైతే, గాలి 5 బార్, అంటే 72 పీఎస్ఐ దాటకూడదు, కాబట్టి బరువున్నవాళ్లు సన్న టైర్లతో వాటి జోలికి పోవద్దు. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే సీలెంట్ (చిన్న పంక్చర్లని మూయడానికి టైరులో పోసే ద్రవం) మన ఎండకి తొందరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారైనా చూసి పోయాలి.

హబ్బు, అంటే చక్రం మధ్యలో ఇరుసు తిరిగే భాగం, దాని గురించి ఎవరూ అడగరు, నాకు అదే బాధ. షిమానో కప్ అండ్ కోన్ హబ్బయితే (గోళీలు విడివిడిగా ఉండే రకం) విప్పి గ్రీజు పెట్టడం మన వీధి సైకిల్ మెకానిక్‌కి కొత్త పని కాదు, లోపలి గోళీలు సైకిల్ షాపులోనే దొరుకుతాయి. కార్ట్రిడ్జ్ బేరింగులైతే (గోళీలు ఒకే రింగులో బిగించి వచ్చే రకం) వాటి మీద 6902 లాంటి నంబరు ఉంటుంది, అది చూపించి బేరింగుల షాపులో అడిగితే ఇస్తారు, కాకపోతే బిగించడానికి సరైన టూలు కావాలి. రెండూ మంచివే. చువ్వలు మాత్రం తల దగ్గర వంపు ఉన్న మామూలు జె-బెండ్ రకమే తీసుకోండి. వంపు లేకుండా తిన్నగా ఉండే స్ట్రెయిట్ పుల్ చువ్వ ఒకటి విరిగితే దాని కోసం చెన్నైకో బెంగళూరుకో ఫోన్లు చేస్తూ వారం పాటు బైకు గోడకి ఆనించుకోవాలి.

గేర్ల సంగతి ఒక్క మాట: కొత్త వీల్ 11 స్పీడ్ బాడీతో (గేర్లు ఎక్కే హబ్బు భాగం) వచ్చి మీ క్యాసెట్ (వెనక గేర్ పళ్ల చక్రాల గుత్తి) 8, 9 లేదా 10 స్పీడ్ అయితే మధ్యలో 1.85 మిల్లీమీటర్ల స్పేసర్, అంటే ఖాళీ నింపే రింగు, పడాలి. డబ్బాలో ఉందో లేదో చూసుకోండి.

ఇవన్నీ కలిపి ఇప్పుడు నన్ను ఒక జత చెప్పమంటే: అల్యూమినియం, లోపల 21, ముందు 24 చువ్వలు, వెనక 28. 85 కిలోలు దాటినవాళ్లు వెనక 32 వేయించుకోండి. కొన్నరోజే చువ్వల పొడవు రాయించుకుని ప్రతి రకానికీ రెండేసి అదనంగా తెచ్చుకోండి, ఎందుకంటే వెనక చక్రంలో గేర్ల వైపు చువ్వా అవతలి వైపు చువ్వా చాలావరకు ఒకే పొడవు ఉండవు.